కంప్యూటర్ గది కట్టే ముందు ఒక మాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1987 పదో తరగతి బ్యాచ్ అమ్మాయిని. 1996 నుంచి ఈ జిల్లాలోనే ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెబుతున్నాను. కమిటీవారు ఫోన్ చేసి, "మేడమ్, చిన్నపిల్లలకు కోడింగ్ నేర్పడం గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. ఎందుకని అడిగితే, స్వర్ణోత్సవ నిధితో బడికి కంప్యూటర్ గది కట్టించే ఆలోచన ఉందన్నారు. చాలా సంతోషం. ఈ నిధికి బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి డబ్బు వచ్చింది. కాశీబుగ్గలో కిరాణా కొట్టు నడుపుకునేవాళ్ళూ ఇచ్చారు, కొబ్బరి అమ్ముకునేవాళ్ళూ ఇచ్చారు. ఎవరిదైనా కష్టార్జితమే. అందుకే ఆర్డరు పెట్టకముందే నా మనసులో మాట చెబుదామని వచ్చాను.

ముందు ఒక గది సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒక బడిలో, పేరెందుకులెండి, దాతలిచ్చిన పది కంప్యూటర్లు ఉండేవి. వాటి మీద పాలిథిన్ కవర్లు, తలుపుకు తాళం, తాళంచెవి బీరువాలో. ఎవరైనా అధికారి వస్తున్నారంటే తెరిచి తుడిచేవాళ్ళం. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయని మా భయం. మూడేళ్ళకు ఎవరూ ముట్టుకోకుండానే పాడయ్యాయి. ఆ భయపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి ఇది ఎవరి మీదో చెబుతున్న ఫిర్యాదు అనుకోకండి.

బడిలోకి కంప్యూటర్ రావడం మన దేశంలో నిన్నటి మాట కాదు. 1984లోనే 'క్లాస్' అనే ప్రాజెక్టు కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లను కొన్ని బడులకు ఇచ్చారు. ఇంగ్లాండులో 2014 నుంచి ఐదేళ్ళ పిల్లలకే కంప్యూటింగ్ పాఠం ఉంది. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలతో కోడింగ్ పనులు చేయించమంది. నేర్పాలా వద్దా అనే చర్చ దాదాపు ముగిసినట్టే. ఎందుకు నేర్పాలి, ఎవరు నేర్పాలి, ఏ పీరియడ్‌లో నేర్పాలి అన్నవి మిగిలాయి.

పెద్దల కోసం ఒక్క ముక్కలో చెబుతాను. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, సొంత తెలివి లేని యంత్రం కూడా పొరపాటు పడకుండా చేసేట్టు వరసగా చెప్పడమే కోడింగ్. అలా చెప్పడం మన ఊళ్ళవాళ్ళకు కొత్తేమీ కాదు.

మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్ళేది. ఈ సభలో సగం మంది అమ్మలు వెళ్ళినవాళ్ళే. పిక్కలు ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పెంకు కొట్టి పప్పు తీయాలి, ఆ పప్పును మళ్ళీ వేడి తగిలేలా ఆరబెట్టాలి, పొట్టు తీయాలి, సైజుల వారీగా ఏరాలి, డబ్బాలకెత్తాలి. ఐదో తరగతి పిల్లలకు ఒకసారి ఈ మెట్లన్నీ రాయమన్నాను. ఒక కుర్రాడు పప్పు ఆరబెట్టకముందే పొట్టు తీసేశాడు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "అలాగైతే పొట్టు రాదు మేడం, పప్పు ముక్కలైపోద్ది. మాయమ్మకి కూలి కోసేత్తారు" అంది. మెట్ల వరస మారితే ఏమవుతుందో అంతకంటే బాగా ఏ పుస్తకం చెప్పగలదు? ఆ రోజు మా తరగతిలో కంప్యూటర్ లేదు.

అక్కడి నుంచి లెక్కలకు వెళ్ళాం. జీడిపప్పు డబ్బా మీద 180, 210, 240, 320 అని అంకెలుంటాయి కదా. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎక్కువలో ఎక్కువ ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగే కొద్దీ పప్పు చిన్నది. ఇళ్ళ నుంచి 20 గుండ్లు తెమ్మన్నాను. 38 గ్రాములు తూగాయి. ఒక్కో గుండు 1.9 గ్రాములు, పౌనుకు సుమారు 239. అంటే 240 రకం. (తిరిగి ఇచ్చేటప్పుడు లెక్కపెడితే 17 ఉన్నాయి. ఆ తీసివేత ఎవరు చేశారో అడగలేదు.)

తర్వాత, యంత్రమే ఏరాలంటే దానికి ఏం చెప్పాలో రాయమన్నాను. ఒక జట్టు ఇలా రాసింది: పౌనుకు 320 లోపు వస్తే 320 డబ్బాలో వెయ్యి, లేకపోతే 240 లోపు వస్తే 240 డబ్బాలో వెయ్యి, లేకపోతే 210, లేకపోతే 180. చదివితే సరిగ్గానే ఉంది. కానీ ఇందాకటి 239 పెట్టి చూడండి. అది 320 లోపే కదా, మొదటి ప్రశ్నలోనే 320 డబ్బాలో పడిపోయింది. పెద్ద పప్పు కూడా అక్కడే పడుతుంది. మిగతా డబ్బాలు ఖాళీ. "ఇలాగైతే షావుకారు మునిగిపోతాడు మేడం" అన్నారు పిల్లలు. ప్రశ్నల వరసను తిరగేశారు. 180తో మొదలుపెడితే సరిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముళ్ళు నవ్వుతున్నారు. మీరు జీతం తీసుకుని చేసే తప్పును మా ఐదో తరగతి వాళ్ళు ఉచితంగా చేసి, ఆ పీరియడ్‌లోనే దిద్దుకున్నారు.

ఈ 'తప్పు' దగ్గర కాస్త ఆగుతాను. నేను ఈ రోజు చెప్పదలచింది దీని గురించే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సముద్రం ఒడ్డు ఊళ్ళో పనిచేశాను. ఏడో తరగతిలో ఒక కుర్రాడిని బోర్డు దగ్గరికి పిలిచి భిన్నాల లెక్క చేయమన్నాను. తప్పు చేశాడు. నేనొక మాట అన్నాను. తరగతంతా నవ్వింది. మర్నాడు రాలేదు, ఆ వారం రాలేదు. తర్వాత తెలిసింది, పెదనాన్నతో గుజరాత్‌లో వేరావల్ బోట్లకు వెళ్ళిపోయాడని. నా మాట వల్లే చదువు మానేశాడని అనను. ఇంట్లో అప్పులున్నాయి. కానీ వెళ్ళేవాడు బడి నుంచి చివరగా పట్టుకెళ్ళింది ఆ నవ్వునే. వాడు చేసిన తప్పు ఏమిటో, ఎక్కడ జారాడో నేను చూడనేలేదు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాను. ఇన్నేళ్ళలో నేను చేసిన పెద్ద తప్పు అది. దాన్ని దిద్దుకోవడం నాకు పిల్లల తాబేలు ఆట నేర్పింది.

1967లో అమెరికాలో సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. తర్వాత అందులోకి ఒక తాబేలు వచ్చింది. ఇంత దూరం ముందుకు నడు, ఇన్ని డిగ్రీలు తిరుగు అంటే నడుస్తుంది, తిరుగుతుంది. నడిచిన దారి గీతగా పడుతుంది. మన తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లవారుజామున ఇసుక మీద వాటి జాడ చూసిన పిల్లలకు ఈ ఆట గురించి పెద్దగా చెప్పక్కర్లేదు.

కంప్యూటర్ లేకుండానే ఆడించాను. ఒక పిల్ల తాబేలు. చేతిలో ముగ్గుపిండి. ఇంకొకరు ఆజ్ఞలిస్తారు. నాలుగు అడుగులు నడు, 90 డిగ్రీలు కుడికి తిరుగు, ఇలా నాలుగుసార్లు. చతురస్రం వచ్చింది. మూడు భుజాలు సమానంగా ఉన్న త్రిభుజం గీయించమన్నాను. అందులో ప్రతి కోణమూ 60 అని అందరికీ నోటికి వచ్చు. నడు, 60 తిరుగు, నడు, 60 తిరుగు, నడు. త్రిభుజం మూసుకోలేదు. తాబేలు ఎక్కడో దూరంగా నిలబడి ఉంది.

పాత నేనైతే "తప్పు, కూర్చో" అనేదాన్ని. ఆ రోజు మాత్రం "ఇలాగే పోనిస్తే ఎక్కడికి పోద్దో చూద్దాం" అన్నాను. ఇంకో మూడుసార్లు నడిపారు. తాబేలు బయల్దేరిన చోటికే వచ్చింది. నేల మీద ఆరు భుజాల బొమ్మ, తేనెపట్టులో గది ఆకారం. తప్పు ఆజ్ఞకు అంత అందమైన బొమ్మ వచ్చింది. అప్పుడు ఆ తాబేలు పిల్లే చెప్పింది: "నేను లోపలి కోణం తిరగట్లేదు మేడం, బయటి కోణం తిరుగుతున్నాను." 180లోంచి 60 తీసేస్తే 120. 120 పెట్టి నడిపితే త్రిభుజం మూసుకుంది. మూడు 120లు 360. నాలుగు 90లు 360. ఆరు 60లు కూడా 360. ఒక చుట్టు తిరిగి వచ్చేదేదైనా 360 అని వాళ్ళే పట్టుకున్నారు. పై తరగతుల్లో మనం సిద్ధాంతంగా బట్టీ పట్టించేది వాళ్ళకు కాళ్ళతో తెలిసింది.

కోడింగ్‌కు ఉన్న గొప్ప గుణం ఇదే. యంత్రం తిట్టదు, నవ్వదు, మార్కులు వెయ్యదు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసి చూపిస్తుంది. నువ్వు అనుకున్నదొకటి, అన్నదొకటి అయితే ఆ తేడా కళ్ళ ముందు పడుతుంది. ఆ తేడాను వెతకడమే పని. తప్పు చేసినవాడు దోషిలా నిలబడాల్సిన అవసరం లేదు. తప్పును పట్టుకున్నవాడు అవుతాడు. ఇది కంప్యూటర్ పీరియడ్‌కు మాత్రమే అయితే నష్టం. లెక్కల పీరియడ్‌లోకి, సైన్సు పీరియడ్‌లోకి రావాలి.

తెలుగు పీరియడ్‌ను మాత్రం వదిలెయ్యకండి. మన తెలుగు మాస్టారు గణవిభజన చేయించినప్పుడు మనకు ఎంత విసుగో గుర్తుందా? ప్రతి అక్షరం గురువో లఘువో, రెండే రెండు. మూడు అక్షరాల గణాలు ఎన్ని? రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. కంప్యూటర్ కూడా అన్నిటినీ రెండే గుర్తులతో రాసుకుంటుంది. 'యమాతారాజభానసలగం' అని మాస్టారు పాడించేవారు. అందులో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడేసి చూసినా ఆ అక్షరం పేరున్న గణం వస్తుంది. పది అక్షరాల్లో ఎనిమిది గణాలూ ఒదిగాయి. అది కోడ్ కాకపోతే ఇంకేమిటి? మాస్టారూ, అప్పుడు మీ క్లాసులో కునుకు తీసినందుకు ఇప్పుడు క్షమాపణ చెబుతున్నాను.

ఇక సైన్సు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రిని ఉద్దానంలో ఎవరూ మరిచిపోరు. తాత నాటిన కొబ్బరి మనవడి కళ్ళ ముందు పడిపోయింది. జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. తుఫాను వస్తున్నప్పుడు వాతావరణ శాఖ అది ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం చెబుతూ ఉంటుంది. పలాస సుమారు 18.8 ఉత్తరం, 84.4 తూర్పు. పిల్లల చేత గ్రాఫు కాగితం మీద మన తీరం గీయించి, తుఫాను ఉన్న చోట్లను చుక్కలుగా పెట్టించవచ్చు. చుక్క చుక్కకూ మధ్య దూరం, పట్టిన గంటలు, వేగం. ఇదంతా ఏడో తరగతి లెక్క. అదే పనిని తర్వాత స్క్రాచ్‌లో చేయించవచ్చు. స్క్రాచ్ అంటే 2007లో అమెరికాలోని ఎంఐటీ వాళ్ళు పిల్లల కోసం ఉచితంగా ఇచ్చిన భాష. దాని తెర కూడా గ్రాఫు కాగితమే, మధ్యలో సున్నా, సున్నా. చుక్కలను కలుపుతూ తుఫాను బొమ్మ నడుస్తుంది. మన దగ్గర తుఫాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరగాలి. పిల్లలు మొదట ముల్లు తిరిగినట్టే తిప్పుతారు. తిప్పనివ్వండి. "ఆ రాత్రి మీ ఇంటికి గాలి ముందు ఎటు నుంచి వచ్చింది? తర్వాత ఎటు నుంచి?" అని ఇంట్లో నాయనమ్మను అడిగి రమ్మనండి. మర్నాడు బొమ్మ తిరిగే దిశ మారుతుంది.

ఇంతా చెప్పాక నిజం కూడా చెప్పాలి. కోడింగ్ నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను మీకు మాటివ్వను. 1980ల్లో లోగో మీద పెద్ద ఆశలు పెట్టుకున్నారు. పిల్లలను దాని ముందు కూర్చోబెడితే చాలు, పద్ధతిగా ఆలోచించడం దానంతటదే వస్తుందనుకున్నారు. 1984లో రాయ్ పీ, మిడియన్ కర్లండ్ అనే పరిశోధకులు చూస్తే అలా రాలేదు. ఇంగ్లాండులో వందకు పైగా బడుల్లో స్క్రాచ్‌తో లెక్కలు చెప్పి చూశారు. 2018లో నివేదిక వచ్చింది. మెట్లు మెట్లుగా ఆలోచించడంలో మెరుగుదల కనిపించింది కానీ లెక్కల పరీక్షలో మార్కులు పెరగలేదు. ఆరేళ్ళ పిల్లాడు యాప్ చేసి కోట్లు సంపాదిస్తాడన్నట్టు ఆ మధ్య వచ్చిన ప్రకటనలు చూసి అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు. వాళ్ళ పిల్లలు యాప్ చేయలేదు. అప్పు మాత్రం తీరుస్తున్నారు.

ఈ ఫలితాలు చూసి నేను నిరుత్సాహపడలేదు. నాకు అర్థమైంది ఇది: తాబేలు త్రిభుజం గీస్తుంది గానీ, "ఎందుకు 120?" అని అడగదు. ఆ ప్రశ్న అడిగే మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి లెక్కల టీచరో, సైన్సు టీచరో అయితే తెర మీది బొమ్మకూ పుస్తకంలోని పాఠానికీ వంతెన పడుతుంది. లేకపోతే అది ఇంకో వీడియో ఆట.

అందుకని సంఘాన్ని కోరేవి చెబుతాను.

గది కట్టండి, కానీ నిధి అంతా గదికే పెట్టకండి. సగం ఉపాధ్యాయుల కోసం ఉంచండి. మన బడిలోనే కాదు, చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్ళకు ఏడాదిలో కొన్ని రోజుల శిక్షణ, దారిఖర్చు, మధ్యాహ్నం భోజనం. కంప్యూటర్లు తక్కువ కొన్నా ఫర్వాలేదు. బాగుచేయించే ఖర్చు ముందే పక్కన పెట్టండి. తాళంచెవి బీరువాలో కాకుండా తరగతి టీచరు దగ్గర ఉండాలని తీర్మానంలో రాయండి. ఏదో ఒకటి పాడవుతుంది. పాడవనివ్వండి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. పండక్కి ఊరొచ్చినప్పుడు మైకు పట్టుకుని కెరీర్ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. ఒక వారం తరగతిలో వెనక బెంచీలో కూర్చోండి. మీ ప్రోగ్రామ్ పనిచేయనప్పుడు మీరెంతసేపు తల పట్టుకుంటారో, ఎలా వెతుకుతారో పిల్లలకు చూపించండి. పెద్ద ఉద్యోగంలో ఉన్న అన్న కూడా రోజూ తప్పులు చేస్తాడని తెలియడమే వాళ్ళకు పెద్ద పాఠం.

ఆడపిల్లల సంగతి. ఒక కంప్యూటర్ దగ్గర ముగ్గురుంటే మౌస్ మగపిల్లాడి చేతిలోనే ఉంటుంది. ఇది నేను ప్రతి బడిలోనూ చూశాను. గంట కొట్టి చేతులు మార్పించండి. జీడిపప్పు ఏరే అమ్మల కూతుళ్ళకు చూపు, చెయ్యి, ఓపిక పుట్టుకతో వచ్చాయి. ఛాన్సే రావట్లేదు.

భాష సంగతి కూడా. పిల్లవాడు మొదట తన మాటలో చెప్పనివ్వండి. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాషను తానే నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు. "ఇదైతే అది చెయ్యి, నేకపోతే ఇది చెయ్యి" అని మన యాసలో చెప్పగలిగినవాడికి దాన్ని ఇంగ్లీషు ఆజ్ఞగా మార్చడం ఒక పూట పని. ముందే ఇంగ్లీషు అడ్డం పెడితే, రాని ఇంగ్లీషును రాని తెలివి అనుకుంటాడు.

ముగిస్తాను. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు రాని వీధి లేదు. మా బ్యాచ్‌లోనే ఇద్దరిని పోగొట్టుకున్నాం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌కు దూరం పోయే బాధ కొంత తగ్గింది. కానీ ఈ జబ్బు ఇక్కడే ఎందుకు ఇంతగా వస్తోందన్నదానికి అందరూ ఒప్పుకున్న ఒకే జవాబు ఇంకా రాలేదు. నీళ్ళంటారు, ఎండలో పని అంటారు, మందులంటారు. ఊళ్ళో ప్రతివాళ్ళకూ ఒక జవాబు ఉంది. ఫోన్లో రోజుకొకటి వస్తుంది. ఆ జవాబుల్లో ఏది నిలబడుతుందో తేల్చాలంటే కొలవాలి, పట్టికలో రాయాలి, పోల్చాలి, నా ఊహ తప్పైతే తప్పని ఒప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ ఓర్పు ఉన్న పిల్లలు మన బడి నుంచి పదిమంది తయారైతే ఈ నిధి వృథా కాలేదని అనుకుంటాను. వాళ్ళు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కాకపోయినా సరే.

ఇక్కడ మా గురువులున్నారు. మీరు దిద్దిన నా పాత నోటుపుస్తకాలు కొన్ని ఇంట్లో ఉన్నాయి. ఒక లెక్క పక్కన మీలో ఒకరు కొట్టేయకుండా, "ఇక్కడి నుంచి మళ్ళీ చూడు" అని రాశారు. నేను టీచర్ని అయ్యాక దాన్ని మరిచిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు నా పిల్లల పుస్తకాల్లో రాస్తున్నది ఆ మాటే.